నోట్‌బుక్కుల లేని మాట

చండూరు అంగడి షెడ్డుల
తెర వెనుక లైటు లేదు.
సెల్‌ఫోను వెలుతుర్ల
నాయిన రాసిన నోట్‌బుక్కు పట్టుకొని
ఎవరు మాట మర్చిపోతే వాళ్లకు
మెల్లగ అందిచ్చుడు నా పని.

నాటకం కొత్తదేం కాదు.
పోయిన ఎండకాలమంత మా ఇంట్ల నడిచిందే.
రిజర్వాయర్ల మునిగిన ఎకరం పది గుంటలకు
చెక్కు వచ్చిన నాటి సంది
ఒకల మీద ఒకలం అరుసుకున్నయన్నీ
రాత్రిళ్లు కూసొని రాసిండు నాయిన,
అరుపుల్ల తన వంతు కొంచెం తగ్గించి.

తండ్రి వేషం ఆయనదే.
నాలుగో బోరు వేద్దామంటడు.
మూడూ దుమ్ము కక్కినయి గదా అంటే
"నాలుగోది నన్ను మోసం చెయ్యది" అంటడు,
ఆడికొచ్చేసరికి నిజంగనే గొంతు పూడుకపోతది.

కొడుకు వేషం మా అన్న సైదులు.
డీసీఎం వ్యాను కొంటడంట,
బత్తాయి లోడు కొడుతడంట.
అన్నకు నటన రాదు.
అందుకే ఆ సీనుకు జనం చప్పట్లు కొట్టిన్రు.

తల్లి వేషానికి సూర్యాపేట నుంచి ఆర్టిస్టు వచ్చింది,
రాత్రికి పద్దెనిమిది వందలు, బస్సు కిరాయి వేరే.
"కుదువబెట్టిన పుస్తెలు ముందు ఇడిపియ్యి,
పసుపుకొమ్ము కట్టుకొని ఎన్ని పెండ్లిండ్లకు పోవాలె నేను"
అని ఆమె కండ్లు తుడుసుకుంటుంటే
మూడో వరుసల యూరియా సంచి మీద కూసున్న మా అమ్మ
పక్కామెతోని అన్నది:
"నేను గట్ల ఏడ్వలే. చెంబు ఇసిరేసిన."

నాయనమ్మకు కూడ ఒక మాటున్నది,
ఏమన్న కొనుక్కోర్రి గాని
మునిగిన చేనుకాడికి నన్నొక్కసారి తోలుకపోర్రి అని.

ఇగ బిడ్డ.
నోట్‌బుక్కుల బిడ్డ మాటలు మూడు.
"నీళ్లు తెస్తున్న."
"వచ్చిన నాయినా."
"అన్నం పెట్టాల్నా?"
వేషం కట్టింది టైలర్ కాశన్న కొడుకు, ఓణీ ఏసి.

నేను ఎండకాలమంత ఒక్కటే అన్న.
నల్లగొండల ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు, రెండేండ్లు.
నాయనమ్మ కాళ్లను కొడవలి లెక్క వంచిన నీళ్లను
సీసల పోసి, ఏమున్నదో నేనే తేల్చాలె అని.
తగాద నడుమ అన్న గావట్టి
ఇనపడలేదేమో.
రాసెటప్పుడు నాయినకు యాదికి రాలేదేమో.

మూడో సీన్ల నాయిన ఆగిండు.
"ఈ పైసలతోని..."
తర్వాత మాట పోయింది.
లేపిన చెయ్యి లేపినట్టే ఉన్నది.
షెడ్డు రేకులు గాలికి చప్పుడు చేసినయి.
ఓరచూపు తెర దిక్కు వచ్చింది.

నా వేలు కింద ఉన్నది "బోరు."
రెండే అక్షరాలు.
ఫోను ఆర్పిన.
"బిడ్డను చదివిపిద్దాం" అన్న.

ఇరవై ఏండ్ల సంది స్టేజీ ఎక్కుతున్నోడు,
అందిచ్చినోళ్ల మీద ఎన్నడు అనుమానపడలే.
వచ్చిన మాట వచ్చినట్టే
షెడ్డంత ఇనపడేటట్టు అన్నడు:
"ఈ పైసలతోని బిడ్డను చదివిపిద్దాం!"

అన్నాక, ఇన్నడు.

కాశన్న కొడుకు ఏం చెయ్యాల్నో తెల్వక
"నీళ్లు తెస్తున్న" అన్నడు.
జనం నవ్విన్రు. అమ్మ నవ్వలే.
సూర్యాపేటామె పాతకాపు,
"ముందుగాల నా పుస్తెల సంగతి చెప్పు" అని
నాటకాన్ని మళ్ల తొవ్వకు తెచ్చింది.
చివర్ల బోరే ఏసిన్రు.
రాసిన ప్రకారం నీళ్లు కూడ పడ్డయి,
సౌండు బాక్సులాయన బిందెతోని పోసిండు.

ఇంటికొచ్చేదాక ట్రాలీ ఆటోల ఎవ్వలం మాట్లాడలే.
ముఖం కడగకుండనే పండుకున్నడు నాయిన.

పొద్దుగాల, చెంపల మీద ఎర్రరంగు అట్లనే ఉండంగ
నోట్‌బుక్కు తెచ్చి నా ముందట ఏసిండు.
"ఆ మాట ఏ పేజీల ఉన్నది, చూపియ్యి."

పేజీలు తిప్పుతున్న.
ఇంక తిప్పుతున్న.
పొయికాడ అమ్మ
చెంబు చేతుల పట్టుకొని నిలబడ్డది.